ఆరో నంబరు బెడ్డు పలక

నేను ఒక పలకను. మార్కాపురం రాతి పలకను. కొయ్య చట్రం ఉంది, ఒక మూల చిన్న పగులూ ఉంది. నా కథను సంచి సర్దడంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎవరు సంచి సర్దినా నాకు గుండె దడ. రాయికి గుండె ఏమిటని అడగకండి. పదహారేళ్ళు బసవమ్మ ఒళ్ళో కూర్చున్న రాయిని.

ఆ పొద్దున బసవమ్మకు నూటమూడు జ్వరం. ఊపిరి అందడం లేదు. ఊళ్ళో డాక్టరు వెంటనే ఒంగోలు తీసుకెళ్ళమన్నాడు. కారు వాకిట్లో నిలబడి ఉంది. అయినా సంచి తనే సర్దుతానని ఆమె మంచం మీద కూర్చుంది. రెండు చీరలు, తువ్వాలు, దువ్వెన, విభూది పొట్లం, నాలుగు బలపాలు, నేను.

"పలకెందుకే, ఆసుపత్రిలో బడి పెడతావా?" అన్నాడు ఆమె భర్త పిచ్చయ్య.

"మందుల చీటీ నువ్వు చదువుతావా?" అంది ఆమె, దగ్గు మధ్య.

పిచ్చయ్య నన్ను చీరల మధ్య పెట్టాడు. ఆయనకు చదువు రాదు. ఆ సంగతి రోజుకొకసారైనా గుర్తు చేయడం ఆ ఇంటి ఆచారం.

భూమిలో ఉన్నప్పుడు నేను పుస్తకంలో కాగితంలా పొరల మధ్య పడుకుని ఉండేదాన్ని. ఉలి పెట్టి విడదీశారు. అంటే నా పుట్టుకే ఒక ఎడబాటు. తరవాత నున్నగా రుద్దారు, చట్రం బిగించారు, కొట్టులో పెట్టారు. అక్కడికి యాభై ఒకటో ఏట బసవమ్మ వచ్చింది. మనవరాలికి అని చెప్పి నన్ను కొంది. ఆమెకు మనవరాలు లేదు. బస్సుల బోర్డులు చూసి, క్యాలెండరు చూసి, పకోడీ పొట్లాలు విప్పి, తనకు తానే అక్షరాలు దిద్దుకుంది. తలుపు గడియ పెట్టుకుని మొదటిసారి తన పేరు రాసుకున్న రోజు బలపం గట్టిగా నొక్కి రెండు ముక్కలు చేసింది. ఆ ముక్కల్లో ఒకటి తినేసింది. మనుషులు సంతోషం వస్తే ఏం చేస్తారో చెప్పలేం.

ఆమెకు ఒక పట్టుదల ఉంది. ఆ ఇంటి గడప దాటేవాళ్ళెవరైనా "పోయొస్తా" అనాలి. బీడీల కోసం వీధి చివరికి వెళ్ళినా సరే. ఒకసారి పిచ్చయ్య మర్చిపోతే బస్టాండు నుంచి వెనక్కి పిలిపించి, చెప్పించి, మళ్ళీ పంపింది. ఆ బస్సు పోయింది కూడా. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పొద్దున్నే ఏదో కోపంలో చెప్పకుండా పనికి వెళ్ళాడు. ఆయన పని పలకల గనిలో. గని కూలింది. ఆ విషయంలో నేను మాట్లాడే అర్హత లేనిదాన్ని.

ఒంగోలు చేరగానే ఆమె గొంతులోకి గొట్టం వేసి, ఊపిరి యంత్రానికి కలిపారు. నేను సంచిలో, సంచి పిచ్చయ్య ఒళ్ళో, పిచ్చయ్య ఐసీయూ బయట బెంచీ మీద. ఐదు రోజులు అట్లాగే ఉన్నాం.

ఆరో రోజు ఎస్తేరు రాణి బయటికి వచ్చింది. ఆమె నర్స్ ప్రాక్టీషనర్. పన్నెండేళ్ళు నర్సుగా చేసి, ఆ పైన రెండేళ్ళు ఐసీయూ వైద్యమే చదివి వచ్చిన మనిషి. రోగి గుండే ఊపిరీ విని పరీక్ష చేస్తుంది, యంత్రాన్ని ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో చూస్తుంది, రోజుకు ఏం చెయ్యాలో పెద్ద డాక్టరుతో కూర్చుని రాస్తుంది. డాక్టర్లు వస్తుంటారు, వెళ్తుంటారు. ఆమె మాత్రం డ్యూటీ అయ్యేదాకా అక్కడే ఉంటుంది. ఇదంతా పిచ్చయ్యకు ఎవరు చెప్పాలి? డాక్టరమ్మవా, సిస్టరువా అని అడిగాడు. కొంచెం ఎక్కువ చదివిన సిస్టర్‌నే అంది. ఆయన ఇద్దరికీ మర్యాద తక్కువ కాకుండా "డాక్టరు సిస్టరమ్మా" అని పిలవడం మొదలుపెట్టాడు.

బసవమ్మకు మెలకువ వచ్చిందట, మాట్లాడలేకపోతోందట. బొమ్మల అట్ట చూపిస్తే మొహం తిప్పుకుంటోందట. మంచినీళ్ళ బొమ్మ, నొప్పి బొమ్మ, దుప్పటి బొమ్మ, దేన్నీ వేలితో ముట్టుకోవడం లేదు. పిచ్చయ్య గర్వంగా సంచిలోంచి నన్ను తీశాడు. ఎస్తేరు రాణి నన్ను స్పిరిట్‌తో మూడుసార్లు కడిగింది. పొడి రేగకుండా బలపాన్ని తడిపి ఇచ్చింది. ఆరో నంబరు బెడ్డు మీద బసవమ్మ రాసిన మొదటి మాట ఇది: "బొమ్మలు చిన్నపిల్లలకు. నాకు చదువొచ్చు." రెండోది, పక్క బెడ్డాయన గురక గురించి. నేను ఆనందంతో పగులు దగ్గర విడిపోతానేమో అని భయపడ్డాను.

ఆ తరవాత అసలు కష్టం వచ్చింది. రోజూ పొద్దున ఎనిమిదింటికి చూడవచ్చేవాళ్ళను పావుగంట లోపలికి వదులుతారు. వాళ్ళు వెళ్ళాక, ఎనిమిదిన్నరకు, యంత్రం సాయం తగ్గించి అరగంట చూస్తారు. రోగి సొంతంగా ఊపిరి తీసుకుంటే గొట్టం తీసేస్తారు. బసవమ్మ ఆ పరీక్ష వరసగా మూడు రోజులు తప్పింది. చెమట, ఆయాసం, గుండె నూట నలభై. మూడోనాడు ఐసీయూ పెద్ద డాక్టరు మాల్యాద్రి, ఇక నోట్లో గొట్టం ఉంచలేమని, మర్నాడు గొంతుకు రంధ్రం చేసి అక్కడి నుంచి గొట్టం వెయ్యాలని చెప్పాడు. పిచ్చయ్య చెవికి అది గొంతు కోస్తారని వినిపించింది.

ఎస్తేరు రాణి మూడు రోజుల కాగితాలూ ముందేసుకుని కూర్చుంది. గుండె పరుగు ఎనిమిదిన్నరకు మొదలు కావడం లేదు. ఎనిమిదీ పావుకే మొదలవుతోంది. యంత్రం ముట్టుకోక ముందే. ఆ పూటల్లో మంచం పక్కన నిలబడి చూసిన మనిషి కాబట్టి ఆమెకు అది కనిపించింది. నన్ను బసవమ్మ చేతికిచ్చి అడిగింది.

"పెద్దమ్మా, ఎనిమిదీ పావుకి ఏమవుతోంది?"

బసవమ్మ నా మీద రాసింది: "ఆయన చెప్పకుండా పోతండాడు."

ఎస్తేరు రాణి నేరుగా బెంచీ దగ్గరికి వెళ్ళి, ఎందుకు చెప్పడం లేదని పిచ్చయ్యను నిలదీసింది.

"ఆసుపత్రిలో పోయొస్తా అనొచ్చా తల్లీ?" అన్నాడు ఆయన. "మళ్ళా మళ్ళా ఈడికే రావాలనా? దాని మంచికే నోరు కట్టేసుకున్నా."

ఆమెకు నవ్వు ఆగలేదు. ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫైలు కూడా ఊగింది. కళ్ళు తుడుచుకుని మాల్యాద్రి దగ్గరికి వెళ్ళి, ఇంకొక్క పొద్దు ఆగమంది. గుండె దడకి మందు రాస్తే సరిపోదా అన్నాడు ఆయన.

"మందు బయట బెంచీ మీద కూర్చునుంది సార్."

ఆయన కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. "రేపొక్కసారి. కుదరకపోతే పదకొండింటికి ఆపరేషనే" అన్నాడు.

మర్నాడు పిచ్చయ్యకు గౌను, టోపీ, మాస్కు తొడిగారు. పెళ్ళికొడుకును కూడా అంత జాగ్రత్తగా తయారు చేసి ఉండరు. ఎనిమిదీ పావుకు గార్డు వచ్చాడు. పిచ్చయ్య మాస్కు కిందికి లాగాడు, ఎస్తేరు రాణి పైకి లాగింది. ఆయన భార్య చెవి దగ్గర వంగి, ఎనిమిది బెడ్లకూ వినిపించేలా చెప్పాడు.

"ఏమే, పోయొస్తా. టీ తాగి పోయొస్తా."

వెళ్ళి అద్దం తలుపు అవతల, ఆమెకు కనపడేచోట నిలబడ్డాడు. యంత్రం తగ్గించారు. పది నిమిషాలు. గుండె తొంభై ఆరు. నేను ఆమె పొట్ట మీదే ఉన్నాను, ఊపిరితో పాటు పైకీ కిందికీ ఊగుతున్నాను. నా జన్మలో నేనెక్కిన ఉయ్యాల అదొక్కటే. ఇరవై నిమిషాలు. అరగంటకు బసవమ్మ కునుకు తీస్తోంది. మాల్యాద్రి వచ్చి, చూసి, గొట్టం తీయడానికి చేతి తొడుగులు అడిగాడు.

గొట్టం తీశాక, బొంగురు గొంతుతో, అద్దం వైపు చూస్తూ ఆమె అన్న మొదటి మాట: "టీ తాగడానికి ఇంతసేపా?"

ఐదు రోజుల తరవాత ఇంటికి పొమ్మన్నారు. మంగళవారం బయల్దేరతారా అని పిచ్చయ్య గొణిగాడు. ఎవరూ వినిపించుకోలేదు. చక్రాల కుర్చీ తలుపు దగ్గరికి రాగానే బసవమ్మ నోరు తెరిచింది. ఎస్తేరు రాణి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడ మాత్రం పోయొస్తా అనమాక పెద్దమ్మా. ఈ గదికి ఎవరూ తిరిగి రాగూడదు."

బసవమ్మ కుర్చీ పిడి గట్టిగా పట్టుకుంది. అరవై ఏళ్ళుగా ఆమె ఇంకో మాట అనలేదు, ఎవరినీ అననివ్వలేదు. చివరకు సంచిలోంచి నన్ను తీయమంది. బలపం తడిపి, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది: "పోతన్నా." రాసి నన్ను ఆరో నంబరు బెడ్డు మీద పెట్టించింది.

"ఇది ఉంచు తల్లీ. గొంతు లేనోళ్ళకి పనికొస్తది."

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండు రోజులు ఆ మాట నా మీదే ఉంది. మూడోనాడు ఒక లారీ డ్రైవరు వచ్చాడు, తడిగుడ్డతో తుడిచి ఇస్తే "బీడీ" అని రాశాడు. ఎస్తేరు రాణి అతన్ని తిట్టి, నవ్వి, నన్ను మళ్ళీ తుడిచింది. అప్పటి నుంచి చాలామంది రాశారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నాకు దడే. బసవమ్మ వచ్చిందేమోనని భయం, రాలేదేమోనని కూడా.

బసవమ్మ మార్చి పందొమ్మిదిన, మంగళవారం, సాయంత్రం నాలుగుంబావుకు ఇంటికి వెళ్ళింది. తిరిగి రాలేదు.