వెనక సీటులో జగ్గమ్మ

ఖిదిర్‌పూర్ ఓడరేవు పక్క గల్లీలో మెకానిక్ గురువులు గ్యారేజీ రోజూ ఏడింటికి తెరుచుకుంటుంది. షట్టర్ ఎత్తగానే అతను చేసే మొదటి పని, మూలనున్న తెల్ల అంబాసడర్ వెనక తలుపు తీసి సీటు దులపడం. కుడి పక్క మాత్రమే దులుపుతాడు. ఎడం పక్క అతని భార్య జగ్గమ్మ కూర్చుని ఉంటుంది.

జగ్గమ్మ పోయి మూడేళ్ళయింది. పోయిన పదకొండో రోజు నుంచీ ఆ సీటు ఎడం పక్క ఒక మనిషి కూర్చున్నంత మేర కుంగిపోయి ఉంది. గల్లీలో దానికి ఎవరూ వింతపడలేదు. ముందు సీటు వదిలి వెనక ఎందుకు కూర్చుందా అని మాత్రం కొన్నాళ్ళు చెప్పుకున్నారు. జవాబు అందరికీ తెలిసిందే. బతికున్నప్పుడూ ఆవిడ పద్ధతి అంతే. మొగుడి మీద కోపం వస్తే వంట మానేది కాదు, తిండి మానేది కాదు. బండెక్కేటప్పుడు మాత్రం వెనక తలుపు తీసుకుని, కిరాయికి మాట్లాడుకున్న పాసింజరులా దర్జాగా కూర్చునేది. కోపం తీరాక ముందుకొచ్చి అతని పక్కన కూర్చునేది. ఎంత పెద్ద కోపమైనా రెండ్రోజుల్లో తీరిపోయేది. ఈ ఒక్కటే తీరలేదు.

తప్పు గురువులుదే. ఆ సంగతి అతనే ఒప్పుకుంటాడు. జగ్గమ్మ పుట్టింది ఖిదిర్‌పూర్‌లో, పెరిగింది ఖిదిర్‌పూర్‌లో. బుద్ధెరిగాక ఆవిడ ఎక్కిన ఎత్తల్లా హౌరా వంతెన. "మావా, ఒక్కసారి మంచు కొండ సూపించు," అని పెళ్ళయిన ఏడు అడిగింది. అలాగే అన్నాడు. ఏటేటా అలాగే అంటూనే వచ్చాడు. బయల్దేరే వేళకి ఎవరిదో ఒక బండి ఆగిపోయేది, ఫోను మోగేది, ఇతను పానా పట్టుకుని పరుగెత్తేవాడు. ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ నడిపించి సొంత పెళ్ళాం బండిని మాత్రం మూల నిలబెట్టిన మహానుభావుడు.

ఆఖరుసారి ఏప్రిల్‌లో. వెల్లింగ్టన్ కూడలిలో ఉన్నిబట్టలమ్మే భూటియావాళ్ళ దగ్గర చలికాలంలోనే కొనిపెట్టుకున్న ఎర్ర స్వెట్టరు సంచిలో సర్దుకుని, ఆవిడ పొద్దున్న ఆరింటికే ముందు సీట్లో కూర్చుంది. స్కూలు వ్యాను నడిపే జితేంద్ర ఫోను చేశాడు. "గంటలో వొచ్చీస్తాను," అని వెళ్ళిన గురువులు దీపాలు పెట్టేవేళకి వచ్చాడు. అప్పటికి ఆవిడ వెనక సీట్లోకి మారి ఉంది. ఏమీ అనలేదు. అంటే బాగుండేదని గురువులు ఇప్పటికీ అనుకుంటాడు. వానలు పడగానే జ్వరమొచ్చింది. నాలుగు రోజుల్లో పోయింది.

అప్పట్నుంచి అతను బండిలో అద్దాన్ని వెనక సీటు కేసి వంచి పెట్టుకున్నాడు. రోడ్డు కనపడదని పోలీసులు రెండుసార్లు తిట్టారు కూడా. అద్దంలో కనిపించేది కుంగిన సీటే. అదైనా కనిపించాలి కదా అని అతని బాధ.

ఈ ఫిబ్రవరిలో పాతబండ్ల క్లబ్బువాళ్ళు డార్జిలింగ్‌కి ప్రయాణం పెట్టారు. ఘాటు రోడ్డు నిటారుగా ఉంటుంది గనక, చక్రాల దగ్గర ముప్పయ్యారు గుర్రాల బలమైనా ఉన్నట్టు, బండి బలం కొలిచే డైనో యంత్రం మీద పరీక్ష చేయించి కాగితం తెచ్చినవాళ్ళనే పట్టీలో చేర్చుకుంటామన్నారు. గురువులు మర్నాడే పేరిచ్చాడు. ఇంజను విప్పి చేత్తో బిగించగలవాడికి దారి చూపడానికి క్లబ్బు అక్కర్లేదు. అతనికి భయం కొండ గురించి కాదు, తన గురించే. ఒంటరిగా బయల్దేరితే మొదటి ఫోనుకే వెనక్కి తిరుగుతాడు. పట్టీలో పేరు పడి, పదిమందితో కలిసి బయల్దేరితే ఇక తప్పించుకోలేడు. అలాగైనా ఆవిడ ముందుకొచ్చి పక్కన కూర్చుంటుందేమో. ఆ బతుకులో ఇంకే కోరికా మిగల్లేదు.

రెండు నెలలు బండి మీదే పడ్డాడు. టాపెట్లు సరిచేశాడు, ప్లగ్గులు మార్చాడు, కార్బొరేటర్ విప్పి పెట్రోలుతో కడిగాడు. ఇంజను ఆడిస్తూ, చెవి ఒగ్గి, స్క్రూ వెంట్రుకవాసి తిప్పి మళ్ళీ వినేవాడు. పక్క వాటా వెంకటసుబ్బమ్మ బియ్యం చేట పట్టుకుని బండి కిటికీ దగ్గరకొచ్చేది.

"ఏటే జగ్గీ, ఆడు సేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడే అనుకో. అయినా పట్టుకున్నాడు కదే. ముందుకొచ్చి కూకోవే," అని వెనక సీటుకి నచ్చజెప్పేది.

సీటు కదిలేది కాదు. వెంకటసుబ్బమ్మ గురువులు వైపు తిరిగి, "మీయావిడ మొండిది తమ్ముడూ," అనేసి బియ్యంలో రాళ్ళేరుకుంటూ పోయేది.

పరీక్ష రోజు పొద్దున్న రెండో హుగ్లీ వంతెన దాటి షాలిమార్ వైపు దిగాడు. గూడ్సు యార్డు వెనక రేకుల షెడ్డులో అభిజిత్ అనే బెంగాలీ కుర్రాడు డైనో నడుపుతాడు. నేలలో రెండు ఉక్కు రోలర్లుంటాయి. వెనక చక్రాలు వాటి మీద పెట్టి, బండిని పట్టీలతో నాలుగు మూలలా కట్టేస్తారు. ఆ తర్వాత ఎంత తొక్కినా చక్రాలే తిరుగుతాయి, బండి అంగుళం కదలదు. ఇన్నేళ్ళూ తన బండి చేసిన ప్రయాణం ఇదే కదా అనుకున్నాడు గురువులు.

ఇద్దరూ కలిసి బండిని సిద్ధం చేశారు. టైర్ల సందుల్లో ఇరుక్కున్న గులకరాళ్ళని స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటే పెకలించారు, చక్రాలు వేగం అందుకుంటే అవి తూటాల్లా ఎగురుతాయి. గాలి కొలిచారు. డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, పనిముట్ల పెట్టె దించారు. అడుగున గుడ్డ సంచి ఒకటి మిగిలింది. దాన్ని గురువులే తీసి స్టూలు మీద పెట్టాడు. ఎర్ర స్వెట్టరు, దాని చీటీ ఇంకా దానికే ఉంది.

అభిజిత్ వెనక కిటికీలోంచి తొంగిచూసి, "నమస్కార్ బౌది," అని వదినగారిని పలకరించాడు. తర్వాత బెంగాలీలో, "డిక్కీ ఖాళీ అయితే వెనక తేలికైపోయి చక్రాలు రోలర్ మీద జారతాయి, గురుదా. బౌది వెనక కూర్చోడమే మంచిదైంది. పట్టు దొరుకుతుంది," అన్నాడు.

గురువులు వెళ్ళి బండి స్టార్టు చేశాడు.

మొదటి పరుగులో ముప్పైనాలుగు వచ్చింది. బానెట్ ఎత్తి స్క్రూ కొంచెం తిప్పాడు. రెండో పరుగులో ముప్పైఅయిదున్నర. ఇంకో చిటికెడు సర్దితే చాలు, ముప్పయ్యారు దాటేస్తుందని ఇద్దరికీ తెలిసిపోయింది. పెద్ద ఫ్యాను ముందు పెట్టి ఇంజను చల్లార్చారు. గురువులు స్క్రూ ఆఖరుసారి సర్ది, స్టీరింగు ముందు కూర్చుని మూడో పరుగుకి తాళం తిప్పబోతుంటే జేబులో ఫోను మోగింది.

జితేంద్ర. "గురుదా, మోమిన్‌పూర్ దగ్గర వ్యాను ఆగిపోయింది. పిల్లల్ని ఆటోల్లో పంపించేశాను గానీ, బండి రోడ్డు మధ్యనుంది. నువ్వొస్తేనే కదుల్తుంది."

గురువులు చెయ్యి అలవాటుగా తలుపు పిడి మీదికి పోయింది. అద్దంలోకి చూశాడు. సీటు కుంగి ఉంది, ఎప్పటిలాగే. పిడి మీంచి చెయ్యి తీసేశాడు.

"ఇయ్యాల రాను జితేంద్రా," అన్నాడు తెలుగులోనే. అవతలివాడికి అర్థం కాలేదని గుర్తొచ్చి బెంగాలీలో చెప్పాడు. "ఇంకొక మేస్త్రీని పిలుచుకో. మా ఆవిడతో ఊరెళ్తున్నాను."

ముప్పయ్యేళ్ళలో అతను రానని చెప్పడం అదే మొదలు. ఫోను కట్టేసి కిటికీలోంచి అభిజిత్ చేతిలో పెట్టాడు. తాళం తిప్పి, టాప్ గేరులో వేసి, పెడల్ నేలకి ఆనేదాకా తొక్కాడు.

షెడ్డు రేకులు అదిరాయి. ఇంజను ఏ అడ్డూ లేకుండా హాయిగా గొంతెత్తింది, రెండు నెలలుగా అతను వినాలనుకున్న చప్పుడు అదే. కంప్యూటర్ మీద గీత పైకి పాకుతోంది. "వస్తోంది గురుదా, వస్తోంది," అని అభిజిత్ చెయ్యి ఊపుతున్నాడు.

అప్పుడు వెనక స్ప్రింగులు కిర్రుమన్నాయి. అద్దంలో చూస్తే మూడేళ్ళుగా కుంగి ఉన్న సీటు పొంగి సమంగా ఉంది. అతని ఎడం పక్క, ముందు సీటు మెల్లగా దిగింది. ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోటే, కొంచెం తలుపు వైపుగా.

వెనక బరువు పోగానే చక్రాలు రోలర్ మీద కీచుమంటూ జారాయి. గీత వంగిపోయింది. గురువులు పెడల్ మీంచి కాలు తీసేశాడు. చక్రాలు ఆగేదాకా స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుందామనుకుంటే చేతుల నిండా గ్రీజు.

అభిజిత్ కాగితం పట్టుకుని వచ్చాడు. "ముప్పై ఒకటి. ఫర్వాలేదు, ఇంజన్లో బలం ఉంది. ఇంకొక పరుగు పెడదాం. బౌదిని ఒక్క రెండు నిమిషాలు వెనక కూర్చోమను, చాలు."

గురువులు పక్కకి చూశాడు.

"మూడేళ్ళకి వచ్చి కూర్చుంది అభిజిత్. లేచి వెనక్కెళ్ళమని నేను చెప్పలేను."

"మరి క్లబ్బు?"

"వాళ్ళని వెళ్ళనీ."

పట్టీలు విప్పారు. స్టెప్నీ, జాకీ, పనిముట్ల పెట్టె డిక్కీలోకి చేరాయి. గుడ్డ సంచిని మాత్రం గురువులు ముందు సీట్లో, ఆవిడ ఒళ్ళో పెట్టాడు. అభిజిత్ ఫోను తిరిగిచ్చాడు. కట్టేసిన ఫోనుని అలాగే పెట్టెలో పానాల కింద పడేశాడు.

"దారిలో కర్సియాంగ్ ఘాటు మీద బండి మొరాయిస్తే ఎలా గురుదా," అన్నాడు అభిజిత్.

"మొరాయిస్తే బాగుచేసుకుంటాను. ఆ పనేగా నాకొచ్చింది."

గేటు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి వంతెన మీదుగా ఖిదిర్‌పూర్‌కి, ఇంకొకటి ఉత్తరానికి, కొండల వైపు. గురువులు అక్కడ ఒక్క నిమిషం ఆగాడు.

"సలేస్తే స్వెట్టరు తొడుక్కోవే," అన్నాడు.

వెనక సీటు కేసి వంచి ఉన్న అద్దాన్ని పైకెత్తి, రోడ్డు కనిపించేలా సరిచేసుకుని ఉత్తరం వైపు తిప్పాడు.