సోమవారమే చేరుతున్న

వచ్చినవాళ్లందరికీ చాయ్ ఇచ్చి వసుమతి వంటింటి గడప దగ్గర నిలబడింది. గాంధీ గంజ్ బజారులో ఆమె భర్తతో పాటు పప్పుల వ్యాపారం చేసేవాళ్లు ముందుగది నిండా కూర్చున్నారు. ఆమె వేరే ఊళ్లోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయిందని తెలిసి శాలువా పట్టుకొచ్చారు. ఆ శాలువా తీసుకెళ్లి ఆమె భర్త అమర్నాథ్ భుజాల మీద కప్పారు.

"కూలోళ్ల పిల్లను చేసుకొని ఇంత దాక చదివిచ్చిండు. అమర్నాథ్ సేట్ లెక్క ఎవలు చేస్తరు?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు కాశప్ప.

అమర్నాథ్ మొహమాటంగా నవ్వాడు. కాదనలేదు.

చదివించాడా! సొంతూరు హుల్సూర్‌లో తల్లి తాయవ్వ పరాయి చేలల్లో కలుపు తీస్తుంటే వెనకే తిరిగిన పిల్ల తను. ఒక ఏడు ఎండు తెగులు సోకి చేనంతా మాడిపోయినా, నడుమ ఒక్క కంది మొక్క పచ్చగా నిలబడింది. "ఇదెందుకు చావలే అవ్వా?" అని అడిగితే, "నాకేం ఎరుక బిడ్డా, చదువుకొని నువ్వే చెప్పు" అంది తాయవ్వ. ఆ జవాబు కోసమే హాస్టల్లో పురుగులన్నం తింది. డాక్టరేటు వచ్చి, పరిశోధన కేంద్రంలో ఉద్యోగంలో చేరాకే ఈ సంబంధం వచ్చింది. అసలు కష్టం ఆ తర్వాతే. తెల్లారకముందే వంట, ఇంటెడు బట్టలు, ఆపైన ప్రయోగశాల. నిండు చూలాలిగా కంది మడుల్లో తిరిగి ఇంటికొస్తే అత్తగారు, "చెట్లకు రోగమొస్తే ఉరుకుతవు, నా కొడుక్కు జరమొస్తే సెలవు దొర్కదా?" అనేది. ఏళ్ల తరబడి కష్టపడి తెగులును తట్టుకునే కంది రకం తయారుచేస్తే, పై అధికారి దాని మీద ఆమె పేరు కంటే ముందు తన పేరు రాసుకున్నాడు. ఏడుస్తూ ఇంటికొస్తే అమర్నాథ్, "పేరెవలదైతేంది, జీతమొస్తాంది గద. అన్నం పెట్టు" అన్నాడు. పెట్టింది. ఇన్నేళ్లూ పెడుతూనే ఉంది.

ఫోన్ మోగింది. విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్.

"మేడమ్, మీ అత్తగారికి బాగాలేదు, మీరు ఆర్నెల్ల తర్వాత చేరతారని సార్ నిన్న చెప్పారు. మీరు కూడా ఒక మాటంటే అందాకా వేరేవాళ్లకు బాధ్యత అప్పగిస్తాం."

వసుమతి ఫోన్ చేత్తో మూసి భర్తవైపు తిరిగింది. "నేను ఆగుతనని మీరు చెప్పిన్రా?"

"అమ్మకు ఆయాసం గద. నువ్వు పోయి ఆ ఊర్ల కూసుంటే ఇల్లెట్ల నడుస్తది? ఆర్నెల్లే. పదవి యాడికి పోతది?" అన్నాడు మెత్తగా.

పదవి ఎక్కడికీ పోదు. అందులో కూర్చునే మనిషే మారిపోతుంది. ఒకరు వదిలిన చోటును మరొకరు పట్టేసే గంజ్‌లో పుట్టి పెరిగినవాడికి ఆ సంగతి తెలియదా? తెలుసు. తెలిసే చెప్పాడు.

ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అందరికీ వినపడేలా అంది. "ఆ మాట నాది కాదండి. సోమవారమే చేరుతున్న."

ఫోన్ పెట్టేసి పెద్దాయనవైపు తిరిగింది.

"కాశప్ప మామా, నన్నెవలు చదివియ్యలే. నేనే చదువుకున్న. శాలువా ఆయన మీదనే ఉండనియ్యిన్రి."

వాళ్లు ఒక్కొక్కరే చెప్పులేసుకుని జారుకున్నారు. తలుపు పడ్డాక అమర్నాథ్ గొంతు లేచింది. "నల్గురిల నా ఇజ్జత్ తీస్తివి! నువ్వు పోతే అమ్మనెవలు చూస్తరు?"

ఎన్నిసార్లో ఈ ప్రశ్న దగ్గరే ఆమె తల వాలిపోయింది. ఇవాళ వాలలేదు. అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"కన్నకొడుకువు, నువ్వున్నవు గద. నువ్వు చూస్కో."

పెళ్లయిన ఇన్నేళ్లలో అతన్ని ఆమె 'నువ్వు' అనడం అదే మొదటిసారి. ఆమె ఆ మాటను దిద్దుకోలేదు.