ఆకాశంలో ఎర్ర బొంత

మార్చి మొదటి వారంలో ఒక ఉదయం, ఎడ్లకు నీళ్ళు పెడదామని బయటికొచ్చి బకెట్టు అక్కడే వదిలేశాను. తూర్పున గుట్టకు పైన, ఆకాశంలో, మా అమ్మాయి సిగ్నే ఇల్లు వేలాడుతోంది.

ఆ ఇల్లు మాకు ఎనిమిది మైళ్ళు. మధ్యలో గుట్ట అడ్డం. సముద్రం దాటి ఈ డకోటాకు వచ్చిన ఆరేళ్ళలో మా వాకిట్లోంచి దాన్ని చూసింది లేదు. గాలి లేని గడ్డు చలిలో ఈ మైదానం దూరాన ఉన్నవాటిని పైకెత్తి చూపిస్తుందని ఇక్కడ అందరికీ తెలుసు. కానీ కన్నబిడ్డ ఇల్లు! మట్టిగడ్డల గోడలు, పొగగొట్టం, గడ్డివామి, అన్నీ తలకిందులుగా, నీళ్ళలో నీడలా వణుకుతూ ఉన్నాయి.

అప్పుడు కనబడింది, కప్పు కింద చీమంత ఎరుపు.

సిగ్నే కానుపుకు ఇంకా మూడు వారాలు గడువుంది. నొప్పులొస్తే కప్పు మీది గడకు ఎర్ర బొంత కట్టమని నేనే చెప్పాను, పక్క పొలంవాళ్ళు చూసి వస్తారని. వాళ్ళేమో చలికి తాళలేక జనవరిలోనే ఊళ్ళోకి వెళ్ళిపోయారు.

“ఏమయ్యా సీవర్! ఎడ్లు కట్టు! పిల్ల పోతోంది!”

మా ఆయన కొట్టంలోంచి వచ్చి కళ్ళు చికిలించాడు. “ఎవరు పోతున్నారే? మొన్న కోడి తుమ్మినా ఇలాగే అరిచావు.”

“ఆ బొంత చూడు!”

“తలకిందులుగా ఉంది కదే, గురో. అలా కడితే రావద్దని అర్థమేమో.”

“నీ నోట్లో మంచు పడ! కడతావా, నడిచిపోనా?”

నవ్వుతూనే కాడి అందుకున్నాడు. ఎడ్లను మంచుబండికి కట్టేలోగా ఆ ఇల్లు కొవ్వొత్తిలా సాగి, సన్నబడి, మాయమైంది.

“పోయిందే,” అన్నాడు. ఈసారి నవ్వలేదు.

దారిలో మూడు గంటలు. నది ఒడ్డున తప్ప చెట్టన్నది లేని ఈ దేశంలో శవపేటికకు పలకలు ఎక్కడ దొరుకుతాయా అన్నదే నా ఆలోచన. గుట్ట దాటగానే బొంత గడ మీద ఎర్రగా, నిలువుగా ఉంది.

లోపల సిగ్నే మంచంకోడు పట్టుకుని నేల మీద ఉంది. అల్లుడు హాల్వర్ తెల్లారగానే కట్టెలకని నదికి వెళ్ళాడట.

“ఎవరికోసం కట్టావే బొంత?”

“ఆయన కోసం. నది దగ్గర్నుంచి చూస్తాడనుకున్నా. నువ్వెలా వచ్చావమ్మా?”

“మాట్లాడకు. గట్టిగా ముక్కు.”

బిడ్డ మెడకు బొడ్డుతాడు రెండు చుట్లు చుట్టుకుంది. ఒళ్ళంతా నీలం. తాడు తప్పించి వీపు రుద్దాను. ఏడవలేదు. తలకిందులుగా పట్టుకుని మళ్ళీ రుద్దాను. ఏడ్చింది.

“నీకెలా తెలిసిందమ్మా?”

“ఆకాశంలో చూశాను.”

సిగ్నే దేవుడికి చెప్పుకుంటున్నట్టు కళ్ళు మూసుకుంది. నేను అది దేవుడి మహిమ కాదని దిద్దబోయి ఊరుకున్నాను. అది కాకపోతే మరేమిటో నాకు మాత్రం ఏం తెలుసు?

మంచు ఎత్తుకొచ్చి కరిగిద్దామని బయటికొచ్చాను. సీవర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, మా ఇంటి వైపు గుట్ట మీది ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నాడు.

“ఆడపిల్ల. బతికింది,” అన్నాను.

“మనకెందుకు చూపించిందే, గురో?”

“టోపీ పెట్టుకో ముందు. చెవులు రాలిపోతాయి.”

పెట్టుకోలేదు. నేనూ మంచు సంగతి మరిచి, పక్కనే నిలబడ్డాను.