పేర్లు ఎవ్వలు చదువలే

అత్తగారి తలకు నూనె రాసి కొప్పు చుడుతున్న జ్యోతిరాణికి భర్త గడప దగ్గరి నుంచే పని అప్పజెప్పాడు. "ఈసారి అమ్మను నువ్వే తీస్కపో. రెండో నంబర్. ఏలు పట్టి నొక్కియ్యి, అంతే." బండలు ఎక్కడ దించాలో హమాలీకి చెప్పినట్టు చెప్పి, బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

భాగమ్మకు షుగర్‌తో చూపు పోయి చాలా ఏళ్లయింది. చూపు లేనివాళ్లు ఓటు వేయడానికి ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు. ప్రతి ఎన్నికకూ ఆ తోడు కొడుకు జనార్దనే. అయితే ఒక మనిషి ఆ రోజు ఒక్కరికే తోడుండాలి. ఈసారి అతను పార్టీ లీడరుకు, పక్షవాతం వచ్చిన ఆయన తండ్రికి తోడుండి ఓటు వేయిస్తానని మాట ఇచ్చేశాడు. లీడరు తలుచుకుంటే జనార్దన్ నాపరాళ్ల పాలిషింగ్‌కు ఆర్డర్లు వస్తాయి, కన్నతల్లి తలుచుకుంటే ఏమొస్తుంది. "ఇంట్ల మూడు ఓట్లు మనయే అన్నా" అని ఫోనులో అంటుంటే జ్యోతిరాణి వంటింట్లోంచి విన్నది. ఆ మూడింటిలో ఒకటి తనది.

వికారాబాదులో డిగ్రీ చదివిన రోజుల్లో రహస్య ఓటు మీద రెండు పేజీల జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. తాండూరు కోడలై వచ్చాక, ఓటు వేసి ఇంట్లో అడుగుపెట్టగానే "ఏసినవ్ గద?" అని భర్త అడిగేవాడు, పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా. "ఆఁ" అనేది. చెప్పినచోటే వేసేది కూడా. భయంతో కాదు, అబద్ధం చెప్పడం రాక. "నీకెందుకు పరేషాన్, నేను చూస్కుంట గద" అన్నది అతని ప్రేమమాట. అతను చూసుకునేవాటిలో బ్యాంకు ఉండేది, భూమి ఉండేది, ఓటు ఉండేది. అత్తగారి మందులు, స్నానం, రాత్రి లేచి బాత్రూంకి నడిపించడం ఆ లెక్కలోకి ఎన్నడూ రాలేదు.

బడిలో పెట్టిన బూతులో అధికారి కార్డు తీసుకున్నాడు. అందులో ఫోటో భాగమ్మకు చూపున్న నాటిది, కళ్లు సూటిగా ఎదుటివాళ్లను నిలదీస్తున్నట్టుంటాయి. ఫోటోనూ మనిషినీ మార్చి మార్చి చూసి, కోడలి వైపు తిరిగి, ఈమె పేరేంటమ్మా అని అడిగాడు. జ్యోతిరాణి చెప్పబోయి ఆగింది.

"భాగమ్మ," అంది అత్తగారు. "కండ్లే పోయినయ్ సారూ, నోరున్నది."

వరసలో ఆడవాళ్లు నవ్వారు. ఇవాళ ఇంకెవరికీ తోడు రాలేదని, ఈమె ఓటు ఎవరికి పడిందో ఎవరికీ చెప్పనని జ్యోతిరాణి చేత సంతకం పెట్టించుకున్నారు. ఎవరికీ అంటే అందులో మొగుడు కూడా వస్తాడా అని ఆమెకు అనుమానం వచ్చింది.

అట్ట మరుగున మిషను. ఆమె అత్తగారి వేలు పట్టుకుని రెండో మీట దాకా తీసుకెళ్లింది. ఆ వేలు బిగుసుకుంది.

"అన్ని పేర్లు చదువు బిడ్డ. మీదికెల్లి."

"అత్తమ్మా, ఆయన..."

"వాడేం జెప్పిండో నాకెరుకే. ఇన్నేండ్ల సంది మిషను కుయ్యిమనుడే ఇన్న. పేర్లు ఎవ్వలు చదువలే."

జ్యోతిరాణి ఆమె చెవి దగ్గరికి వంగి, గుసగుసగా చదివింది. భాగమ్మ పెళ్లి సంబంధాలు వింటున్నట్టు ఒక్కో పేరుకూ తలాడించింది. తెలియని పేరొస్తే ఎవరు వాడని అడిగింది, ఒకటి మళ్లీ చదివించుకుంది. జర జల్దీ అమ్మా అని బయటి నుంచి అధికారి అంటున్నాడు. చివరికి ఒక పేరు చెప్పి, దానిమీద వేలుపెట్టి చెయ్యి వదిలేయమంది.

వేలు ఇంకా జ్యోతిరాణి పిడికిట్లోనే ఉంది. రవ్వంత పక్కకు జరిపితే చాలు. ముసలమ్మకు తెలియదు, భర్త సంతోషిస్తాడు, సాయంత్రం ఎప్పటిలాగే గడిచిపోతుంది. తన వేలును కూడా ఇన్నేళ్లూ ఎవరో ఇలాగే పట్టుకుని ఉన్నారని, నొప్పి లేకుండా పట్టుకున్నారు కనుక తెలియలేదని అప్పుడు తట్టింది. అత్తగారి వేలును ఆమె చెప్పినచోటనే ఆనించి, వదిలేసింది.

మిషను కూసింది. పక్క పెట్టె అద్దంలో చీటీ కనిపించింది. "అదే పడ్డదా?" "అదే, అత్తమ్మా." భాగమ్మ తడుముతూ కోడలి చెంప దొరకబుచ్చుకుని ఒకసారి నిమిరింది. ఏ పేరో ఈ కథకు కూడా తెలియదు. జ్యోతిరాణి సంతకం పెట్టింది కదా.

అత్తగారిని బల్లమీద కూర్చోబెట్టి తన ఓటుకు వెళ్లింది. గుర్తు వెతుక్కోలేదు. మొదటి పేరు నుంచి నింపాదిగా చదువుకుంది.

సాయంత్రం జనార్దన్ ఎండకు వాడిపోయి వచ్చాడు. చాయ్ అందుకుంటూ, "అమ్మది రెండుకే పడ్డది గద?" అన్నాడు.

"ఎవ్వలకు చెప్పనని సంతకం పెట్టిన."

"నాకు గూడనా?" నవ్వి తల్లి వైపు తిరిగాడు.

"నాకేం కనబడ్తది కొడుకా," అంది భాగమ్మ చాయ్ ఊదుకుంటూ. "ఏడ నొక్కిందో ఏమో."

అతని నవ్వు కొంచెం సన్నబడింది. "సరే, నీది చెప్పు జ్యోతి. నీదానికైతే సంతకం లేదు గద."

లేదు, నిజమే. అతను కోపంగా అడగలేదు, అలవాటుగా అడిగాడు. అబద్ధం చెప్పడం ఆమెకు ఇప్పటికీ రాదు. చల్లారిపోతుందని అతని చేతిలోని గ్లాసులో ఇంకొంచెం వేడి చాయ్ పోసింది.

"అన్ని పేర్లు చదివి, చూసే ఏసిన," అంది. "ఎవ్వలకని మాత్రం చెప్ప."