పదిహేడో కుండీ

రోజూ పదింటికి గాజుగదిలో ఇరవై కుండీల ముందూ ఒంగి, మట్టిలో గుచ్చిన థర్మామీటర్లు చూసి పుస్తకంలో రాయడం నా పని. మొలకెత్తే గింజ మట్టిని ఎంత వెచ్చబరుస్తుందో తేల్చాలని సారు పరిశోధన. పది కుండీల్లో గింజలున్నాయి. తక్కిన పదింటిలో ఉత్త మట్టి, పోల్చి చూడటానికి. పదిహేడోది ఉత్త మట్టి కుండీ. నెల రోజులుగా అదే అన్నిటికంటే వెచ్చగా ఉంటోంది. రోజుకింత పెరుగుతోంది కూడా.

మొదటిసారి చెప్పినప్పుడు సారు కాగితాల్లోంచి తలెత్తలేదు. "దాని మీద ఒంగుతావు కదమ్మా. నీ ఒంటి వేడే అది" అన్నారు. పక్కనున్న కొత్త అసిస్టెంటు నవ్వాడు. నేనెందుకో రెండడుగులు వెనక్కి జరిగాను. మిగతా పంతొమ్మిది కుండీల మీదా ఇదే ఒళ్లు ఒంగుతుందన్న మాట, ఇంటికెళ్లి గిన్నెలు తోముతుంటే తట్టింది.

ఆ వారం రీడింగులు అసిస్టెంటుకు అప్పగించారు. అతను గుమ్మం దాటి లోపలికి రాలేదు. నిన్నటి అంకెల్నే కాస్త అటూ ఇటూ మార్చి రాశాడు. గ్రాఫు సాఫీగా వచ్చిందని సారు మెచ్చుకున్నారు.

వాళ్లకేం కావాలో అదే రాసిచ్చి రావొచ్చుగా అన్నాడు మా ఆయన. నాకు మొదట్నుంచీ లేనిపోనివి తోస్తాయని అత్తగారు గుర్తు చేసింది. నిజమే. పోయినేడు వంటింట్లో గ్యాసు వాసన వస్తోందని మూడు రోజులు మొత్తుకున్నాను. నాలుగో రోజు మరిది గుమ్మంలో నిలబడి ముక్కు చిట్లించాకే అది వాసనైంది. ఒక సంగతి నిజం కావడానికి ఎన్ని ముక్కులు కావాలి, అవి ఎవరివై ఉండాలి అని ఆలోచిస్తూ పడుకున్నాను.

మళ్లీ నా చేతికొచ్చాక థర్మామీటరు మార్చాను. కుండీని ఇంకో మూలకు జరిపాను. మట్టి జల్లెడ పట్టాను, ఒక్క వేరు కూడా లేదు. గది బయట నిలబడి గాజు గోడలోంచి చదివాను. వేడి తగ్గలేదు. ఒకసారి పైమట్టి చాలా నెమ్మదిగా లేచి అణిగినట్టనిపించింది. అది మాత్రం పుస్తకంలో రాయలేదు, కొలవలేదు కనుక.

చివరికి గది ఊడ్చే ఆయాను పిలిచాను. అంకెల మీద కాగితాలు అంటించి, వరస మార్చి, ఒక్కో కుండీలో చెయ్యి పెట్టి చూడమన్నాను. నా మొహం చూసి పట్టేస్తుందేమోనని అటు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి ఆమె అడుగుల చప్పుడు ఆగింది.

"ఇదేంటమ్మా, ఎవరో ఇప్పుడే లేచెళ్లిన కుర్చీలా ఉంది."

కాగితం తీశాను. పదిహేడు. ఆయా ఇంకేమీ అడక్కుండా స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టింది.

ఇవాళ సారు శుభ్రంగా తిరగరాసిన పుస్తకం నా ముందు పెట్టారు. అందులో పదిహేడోది తక్కిన ఉత్త మట్టి కుండీల్లాగే ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరుంది. కింద నా సంతకానికి చోటు. అది పెడితేనే వచ్చే నెల నుంచి ఉద్యోగం పొడిగింపు. "ఒక్క కుండీ కోసం మూడేళ్ల పని పోతుందమ్మా" అన్నారు, మెత్తగానే.

గాజుగదికి రమ్మన్నాను. చెయ్యి పెట్టి చూడమంటే ఆయన చేతులు జేబుల్లోంచి రాలేదు. చేత్తో చూసేది సైన్సు కాదన్నారు. అయితే చదవండి అని చెప్పి, నా ఒంటిని తీసుకుని గుమ్మం బయటికి వెళ్లి నిలబడ్డాను.

సారు ఒంగారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ ఒంగారు.

"పైకి చెప్పండి సార్. రాసుకోవాలి."

"ముప్పై తొమ్మిది" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నా ఒంట్లో అంత వేడి లేదు సార్. ముప్పై ఏడే."

ఆయన కుండీకి వీపు చూపించకుండా, వెనక్కి నడుస్తూ బయటికొచ్చారు. నేను పాత పుస్తకం తెరిచి అంకె వేశాను. పరిశీలించినవారు అన్న గడిలో ముందు ఆయా పేరు, తర్వాత నాది, చివర సారుది రాశాను.