అదే నంబరు డబ్బా

ఆరేళ్లుగా వేట పర్మిట్ల లాటరీకి దరఖాస్తు పెడుతుంటే ఈసారి నాకు ఆడ ఎల్క్ దుప్పి పర్మిట్ తగిలింది. సీజన్ ముగియడానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. మా ఆయన వెండెల్‌కి నడుం ఆపరేషన్ అయింది కాబట్టి కొండెక్కేది నేనొక్కదాన్నే. ఫ్రీజర్‌లో నిరుటి మాంసం రెండు పొట్లాలు మిగిలాయి. ఇంట్లో రైఫిళ్లు మూడున్నాయి, ప్రైమర్లు మాత్రం పదిహేడే.

మా తూటాలు మేమే కట్టుకుంటాం. తూటా అడుగున కూర్చునే ఆ చిన్న బిళ్ల లేకపోతే మందు అంటుకోదు. రెండేళ్లుగా మా కౌంటీలో ఏ దుకాణంలోనూ అవి కనబడలేదు. "వచ్చే వారం రండి" అనడం కూడా దుకాణం వాళ్లు మానేశారు.

ఆదివారం భోజనాల దగ్గర ఇదే గొడవ.

"నా మాగ్నమ్ రైఫిల్ సంగతి మర్చిపో. దాని ప్రైమర్లు వేరు, అవి ఒక్కటీ లేవు," అన్నాడు వెండెల్. "నీ థర్టీ-ఆట్-సిక్స్ పట్టుకెళ్లు సిగ్రిడ్. తూటాలు అయిపోయినా ఎవడో ఒకడి పికప్ డాష్‌బోర్డు మీద రెండు దొర్లుతూనే ఉంటాయి."

"డాష్‌బోర్డు మీద దొర్లే తూటాతో కంచె గుంజల్ని కొట్టుకోవాలి," అన్నాడు మా నాన్న హాల్వర్, బంగాళాదుంప చిదుముతూ. "నా టూ-ఎయిటీ రైఫిల్ ఇస్తాను. నాలుగు వందల గజాల్లో గీత గీసినట్టు పోతుంది."

"హాల్వర్, ఈ లోయ మొత్తంలో ఆ తూటాలు మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరైనా ఉన్నాయా?"

"లేవు. అందుకే ఇంతవరకూ ఎవడూ దొంగిలించలేదు."

నేను నవ్వాను గానీ మాట మార్చలేదు. "థర్టీ-ఆట్-సిక్సే నాన్నా. రేపు పొద్దున ఇద్దరం కూర్చుని తూటాలు కడదాం."

నాన్న మూతి తుడుచుకుని లేచాడు. ఆయనకి డెబ్బై తొమ్మిది. కళ్లల్లో పొర వచ్చిందని డాక్టరు చెప్పి ఏడాదైంది. అది అద్దాల మీది దుమ్మని నాన్న వాదన.

మర్నాడు కాఫీ ఫ్లాస్కు పట్టుకుని ఆయన షెడ్డుకి వెళ్లేసరికి లోపల ఎవరూ లేరు. బల్ల మీద పది గదుల పెట్టె ఉంది. తొమ్మిదింట్లో తూటాలున్నాయి, పదో గది ఖాళీ. అన్నీ టూ-ఎయిటీవే. పదిహేడు ప్రైమర్లలో పది నాకు చెప్పకుండా తన రైఫిల్‌కి వాడేశాడు. గోడ మీద ఆ రైఫిల్ కూడా లేదు.

కోపంతో వెనుదిరగబోతూ మందు డబ్బా చూశాను. కొత్తది. పొరుగాయన ఎల్డన్‌కి పొగబెట్టిన చేపలిచ్చి తెచ్చుకున్నాడు. డబ్బా మీద పెద్ద అంకెలు 4831. పక్కనే తెరిచి ఉన్న నాన్న నోటు పుస్తకంలోనూ అదే 4831, దాని కింద ఎన్నో ఏళ్లుగా ఆయన పోసే తూకం.

అంకెల కింద సన్నటి అక్షరాల్లో కంపెనీ పేరు ఉంది. అది నాన్న ఎప్పుడూ వాడే కంపెనీ కాదు.

ఆ నంబరు మందు రెండు కంపెనీలవి ఉన్నాయి. పేరుకి అవే నాలుగు అంకెలు గానీ ఒకటి రెండోదాని కన్నా చురుగ్గా మండుతుంది. నిదానంగా మండేదాని తూకం చురుకైనదానికి పోస్తే రైఫిల్ ఓర్చుకోవచ్చు, లేదా తూటా వెనక మూసుకునే బోల్టు పగిలి కాల్చినవాడి మొహం మీదికి రావచ్చు. నాన్న నోటు పుస్తకంలోని తూకం నిదానపుదానికి రాసుకున్నది, అదీ పోయగలిగిన గరిష్ఠ హద్దు దాకా.

గడ్డి మోపుల వెనక ఆయన గురి సరిచూసుకునే బల్ల ఉంది. అటు పరిగెత్తాను.

నాన్న అప్పటికే ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి స్కోపులోకి వంగి ఉన్నాడు. బోల్టు మూసి ఉంది. చెవులకి మోత ఆపే పెద్ద మఫ్‌లు.

"ఆపు!" అని అరిచాను. మా వైపు ఆ మాట వింటే ఎంతటివాడైనా కారణం అడక్కుండా చెయ్యి తీసెయ్యాలి. ఆయనకి వినబడలేదు.

గురి చూస్తున్న మనిషిని వెనక నుంచి ముట్టుకోకూడదని నాకు నేర్పింది ఆయనే. ఉలిక్కిపడితే వేలు బిగుస్తుంది. నారింజ కోటు విప్పి ఎడమ పక్క నుంచి ఊపాను. ఆయన ఎడమ కన్ను తెరిచే ఉంది, నా వైపే ఉంది. ఆ కంటికి నేను కనబడలేదు.

ఆయన వేలు ట్రిగ్గర్ మీదికి జరిగింది.

నేను బల్ల చివర మెల్లగా కూర్చున్నాను. పలక కుంగింది, గురి చెదిరింది. నాన్న విసుగ్గా గొణిగి వేలు తీశాడు, తల ఎత్తాడు.

"బోల్టు తియ్యి నాన్నా," అని చేత్తో సైగ చేశాను.

తీశాడు. తూటా బయటికొచ్చి బల్ల మీద పడింది.

"ఏంటమ్మాయ్ ఇది? ఆ ప్రైమర్ల కోసమా ఇంత పరుగు?" మఫ్‌లు లాగేశాడు. "సరే, అడగలేదు. తప్పే. కానీ మంచి రైఫిల్ ఇస్తానంటే..."

"డబ్బా మీద ఏం రాసుంది?"

"నలభై ఎనిమిది ముప్పై ఒకటి. నువ్వు పుట్టక ముందు నుంచి అదే వాడుతున్నా."

"దాని కింద?"

ఆయన లేచాడు. షెడ్డులోకి నడిచాం. డబ్బాని చెయ్యి చాచి దూరంగా పట్టాడు, దగ్గరికి తెచ్చాడు, కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు.

"ఎల్డన్ గాడు చెప్పలేదు," అన్నాడు చివరికి.

"ఆయన్ని అడిగావా?"

"లేదు." డబ్బా కింద పెట్టాడు. "సరే, నీ థర్టీ-ఆట్-సిక్సే పట్టుకెళ్లు. ఇంకా ఏడున్నాయిగా."

నేనూ అదే అనబోయాను. కానీ పది ప్రైమర్లు టూ-ఎయిటీ ఇత్తడి గుల్లల్లో బిగించి ఉన్నాయి. ఇంకా పేలని ప్రైమర్‌ని వెనక్కి పొడిచి తియ్యడం మా ఇంట్లో ఎవరూ చెయ్యరు. వాటిని వాడుకోవాలంటే ఆ రైఫిలే కావాలి. మిగిలిన ఏడూ వచ్చే ఏటికి ఉంటాయి.

"నీ రైఫిలే తీసుకెళ్తాను. కానీ తూకం నాది. అచ్చేసిన తూకాల పుస్తకంలో ఈ కంపెనీ పేజీ చూసి, అన్నిటికన్నా తక్కువ తూకం నుంచి మొదలుపెడతాను."

"నేనేం చెయ్యాలి మరి, కాఫీ తాగాలా?"

"గుళ్లు పీకు."

సుత్తిలాంటి పనిముట్టుతో కొట్టి పదింటి గుళ్లూ ఊడబెరికాడు. ఆ మందు విడిగా పారబోశాం. నేను తాజాగా తూచి, ఒక్కో గుల్లనీ లైటు కింద చూసి నింపాను. మధ్యాహ్నానికి అయింది.

"మొదటిది నేను కాలుస్తాను," అన్నాడు. "ఏదైనా అయితే..."

"పర్మిట్ నాది నాన్నా."

గురి చూసి కాల్చాను. భుజం మీద మామూలు దెబ్బే తగిలింది. బోల్టు పిడి ఎత్తితే బిగుసుకోకుండా లేచింది. గుల్ల గడ్డిలో పడింది.

నాన్న వంగి వెతికి తీశాడు. ఒత్తిడి ఎక్కువైతే ప్రైమర్ చదునైపోతుంది. దాన్ని చూడ్డానికి గుల్ల అడుగుని కంటి దాకా తెచ్చుకున్నాడు, ఇంకో కంటి దగ్గర పెట్టుకున్నాడు. కాసేపటికి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే చూసి చెప్పు," అన్నాడు.