ఏడాదికి మూడంగుళాలు

టైలరు తన కూతుర్ని చూసి తొమ్మిదేళ్ళయింది. అయినా పిల్ల ఎత్తు మాత్రం ఆయనకి అంగుళంతో సహా తెలుసు. కొలతల పుస్తకం చివరి పేజీలో రాసి ఉంది. మూడేళ్ళకి ముప్ఫయ్యయిదు అంగుళాలు, నాలుగేళ్ళకి ముప్ఫయ్యెనిమిది, అలా ఏడేళ్ళకి నలభయ్యేడు. ఏడాదికి మూడు, స్కేలు పెట్టి గీసినట్టు. ఆ తర్వాత భార్యాభర్తలు పంతాలకి పోయారు, పిల్ల తల్లితో ఊరు మారింది, పుస్తకంలో పెన్ను ఆగిపోయి పెన్సిల్ మొదలైంది.

వెళ్ళి చూడ్డానికి ఆయనకి మొహం చెల్లలేదు. ఏటా పుట్టినరోజుకి మూడంగుళాలు కలిపి గౌను కుట్టి పంపేవాడు. సరిపోయిందనీ లేదనీ జవాబు వచ్చేది కాదు.

ఇప్పుడు పిల్లకి పదహారు. పెన్సిల్ లెక్కన ఆరడుగుల రెండంగుళాలు.

"బావా, ఇలాగైతే నలభయ్యో ఏటికి పన్నెండు అడుగులు దాటుతుంది," అన్నాడు పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన. "కరెంటు తీగలు పక్కకి నెట్టుకుంటూ నడవాలి పాపం."

"తెలిసినదాన్ని బట్టే కదరా తెలియనిది లెక్క కట్టుకోవాలి. నా దగ్గరున్నవి ఆ అయిదంకెలే. ఇంకేముంది?"

గడియారాలాయన ఒక ముల్లు సరిచేశాడు.

సోమవారం ఉత్తరం వచ్చింది. గురువారం పిల్ల ఒక్కతే వస్తుందట. టైలరు ఆ పూటే గుమ్మం మీది బోర్డు అడుగున్నర పైకి ఎత్తించాడు, తల తగలకుండా. అప్పట్నించీ మేడమీదావిడ కిటికీ తెరిస్తే వీధి బదులు బోర్డు వీపు కనిపిస్తోంది.

గురువారం పొద్దున్నించీ ఆయన చూపు గుమ్మం పైనే. ఆ ఎత్తులో ఒక నిచ్చెన, ఒక కాకి తప్ప ఎవరూ రాలేదు. ఆ చూపు కిందనించి ఓ పొట్టి అమ్మాయి లోపలికొచ్చి బల్ల మీద సంచీ పెట్టింది.

"ఇవి పొట్టి చెయ్యాలండి."

"ఎల్లుండి రా అమ్మా. ఇవాళ మా అమ్మాయి వస్తోంది."

"ఎంతుంటుందేంటి?"

"ఆరడుగుల రెండు."

"బాగానే మేపినట్టున్నారు."

అలవాటుకొద్దీ ఆయన చెయ్యి సంచీలోకి పోయింది. వేళ్ళకి గౌను అంచు తగిలింది. తన కుట్టే. దాని మీద ఎవరో వంకరటింకరగా చేత్తో మడిచి కుట్టిన మడత, బెత్తెడు. దాని కింది గౌనుకి జానెడు. మెడల దగ్గర రంగు వెలిసిపోయింది. అన్నీ తొడుక్కున్నవే.

ఆయన చూపు దించడం మొదలుపెట్టాడు. అడుగు కిందికి దిగాక గానీ మొహం దొరకలేదు.

"మొదటి మూడూ సరిగ్గా సరిపోయాయి నాన్నా," అంది పిల్ల. "ఆ తర్వాతే నువ్వు కుట్టే అమ్మాయి నన్ను దాటిపోయింది."

ఆయన టేపు తీశాడు. అరవయ్యొకటి. ఎడమ భుజం అరంగుళం కిందికి, ఏడేళ్ళప్పటిలాగే. పెన్నుకోసం వెతికి మరీ రాశాడు.

"సాయంత్రానికి ఆరూ చేసిచ్చేస్తానమ్మా."

"ఊళ్ళో అందర్నీ ఎల్లుండి రమ్మంటావు. నాకేంటి అంత తొందర? వచ్చినప్పుడల్లా ఒక్కటి చెయ్యి."

గడియారాలాయన గుమ్మంలోంచి తొంగిచూశాడు. "బావా, బోర్డు దించెయ్యమంటావా?"

"ఉండనీరా," అన్నాడు టైలరు టేపు మెళ్ళో వేసుకుంటూ. "ఇంకా పెరుగుతుందేమో."